రాశి నడిమధ్య అన్నం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. నా గొంతు ఇప్పుడు అంత దూరం పోదు. ఈ ఎండాకాలం మీ ఇంట్లో పెండ్లో, పుట్టువెంట్రుకలో, ఊరి దేవరో ఉండి, షామియానా కింద నాలుగు వందల మందికి అన్నం పెట్టే పని ఉంటే మాత్రం మధ్యలో లేవకుండా వినండి. నవ్వుకునే కథ కాదు. ఇందులో ఒక అవ్వ ప్రాణం ఉంది, ఒక మంచి మనిషి బతుకుతెరువు ఉంది. రెండూ నా వల్లనే పోయాయి.

మాది నంద్యాల. ముప్పై ఏండ్లకు పైగా వంట బ్యాచిలో పనిచేశాను. బ్యాచి అంటే పదిమందిమి. మేస్త్రీ ఒకాయన, ఆయన కింద మేము. డేక్సాలు, గరిటెలు, గంపలు ఆటోలో వేసుకుని ఆళ్లగడ్డ, వెలుగోడు, ఉయ్యాలవాడ, ఎవరు పిలిస్తే వాళ్ల ఊరికి పోయేవాళ్లం. నా వంతు అన్నం. ఎసరు పెట్టడం, వార్చడం, వడ్డించడం.

చదువు మూడో తరగతితో ఆగింది. కానీ దేవుడు నాకు రెండు ఇచ్చాడు. ఒకటి జ్ఞాపకం. వరసగా కూర్చోబెట్టి పెట్టే భోజనాన్ని మేము బంతి అంటాం. ఏ బంతిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు రెండోసారి పెట్టించుకున్నారో, ఎవరు పప్పు వద్దని చెయ్యి అడ్డం పెట్టారో, ఏడాది తర్వాత అడిగినా చెప్పేదాన్ని. రెండోది ముక్కు. సాంబారు పులవబోతోందంటే గంట ముందే నాకు తెలిసేది. ఏ గిన్నె మీద అనుమానం వచ్చినా మేస్త్రీ "అక్కను పిల్చుకోని రాండప్పా" అని కేకేసేవాడు. నేను పోయి మూత తీసి, కండ్లు మూసుకుని, వాసన చూసి "పెట్టొచ్చు" అంటే పెట్టేవాళ్లు, "పారబోయండి" అంటే పారబోసేవాళ్లు. ఇంత మంది మనుషులు నా ముక్కు వెనకాల నిలబడతారు గదా అని నాకు లోపల చాలా పొగరు. పైకి మాత్రం ఏమీ లేనట్టు కొంగుతో మొహం తుడుచుకునేదాన్ని.

ఆ ఏడు ఎండలు మామూలు ఎండలు కావు. ఆళ్లగడ్డ దాటినాక ఒక ఊళ్లో అమ్మవారి దేవరకు, అదే జాతరకు, పోయాం. ఆ ఊరికి ఒక కట్టడి ఉంది. వండిన అన్నమంతా గుడి ముందర రేకుల కొట్టంలో, ఈతచాపల మీద తెల్లపంచెలు పరిచి, ఒకటే రాశిగా పోయాలి. కుంభం అంటారు దాన్ని. పైన ఇంకో పంచె కప్పాలి. అమ్మవారు ఊరేగి వచ్చి, రాశికి హారతి ఇచ్చినాకనే జనానికి పెట్టాలి. అంతవరకు ఎవరూ ముట్టకూడదు. రాశి ఎంత ఎత్తు ఉంటే ఊరికి అంత పరువు. ఆ ఏడు నా నడుము దాటింది. పోసినవాళ్లం మేమే వెనక్కు జరిగి చూసుకుని మురిసిపోయాం.

తెల్లారకముందు ఎసరు పెట్టి, ఎనిమిదికల్లా రాశి పోశాం. అమ్మవారు పదిన్నరకు వస్తుందన్నారు. పదిన్నర అయింది, పదకొండున్నర అయింది. ట్రాక్టరు మీద అమ్మవారు పైవీధిలోనే ఉంది. ముందు ఏ వీధిలోకి పోవాలని రెండు వీధులవాళ్లు మాటామాటా అనుకుని ట్రాక్టరు ఆపేశారంట.

మా బ్యాచిలో ఒక చిన్నామె ఉండేది. పనికి వచ్చి రెండేండ్లయింది. మాట తక్కువ, చెప్తే మాత్రం మొహమాటం లేకుండా చెప్పేది. ఒంటిగంట కావస్తుంటే నా పక్కకు వచ్చి నిలబడింది.

"అక్కా, టైమెంతయిందో చూసినావా?"

"ఏందిమే, ఆకలైతాందా?"

"నాకు కాదు. ఎనిమిదికి పోసిన కూడు అది. పైన రేకులు ఎట్ల కాల్తాండాయో చూడు. రెండు మూటల బియ్యం మిగిలుండాయి. ఇంకో ఎసరు పెడదాం."

మేస్త్రీ అటు పోతూ విన్నాడు. "పెట్టి? అమ్మవారి ముందర ఇంత కూడు పోసి, జనానికి వేరే కూడు పెడ్తామా? ఊరోళ్లు మనల్ని ఈడనే పాతిపెడ్తారు. నిన్న మొన్న వచ్చినావ్, నీకేం దెలుసు?" అని నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చూసి చెప్పు."

ముట్టకూడదనే కట్టడి నాకు లేదనుకున్నాను. పంచె అంచు ఎత్తి తల లోపలికి పెట్టాను. వార్చిన అన్నం వాసన, అంతే. చిన్న పులుపు లేదు, జిగురు లేదు. చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చాను. నడిమధ్య వెచ్చగా ఉంది, పొత్తిళ్లలో బిడ్డ ఉన్నట్టు.

"ఇంగా పొయ్యి మీద్నుంచి దించినట్టే ఉండాది. వేడిగా ఉండే కూడు యాడన్నా చెడిపోతాదా, పిచ్చిదానా?" అన్నాను.

అందరూ నవ్వారు. చిన్నామె నవ్వలేదు. "సరేలే. అమ్మవారితో వచ్చే బ్యాండోళ్లు ఎట్లాగూ ఆఖర్న తింటారు. వాళ్లకన్నా వేరే వండుతా" అంది.

"వండుకో పో. నీ చెయ్యి, నీ పొయ్యి" అన్నాడు మేస్త్రీ. ఆ ఎండలో ఆమె ఒక్కతే పొయ్యి రాజేసి, ఒక డేక్సా ఎసరు పెట్టింది. నేను నీడలో కూర్చుని చూశాను.

కొట్టం పక్కనే షర్బత్ భాయ్ బండి ఉండేది. నంద్యాలలో మా వీధికి రెండు వీధుల అవతల ఆయన ఇల్లు. నన్నారి వేర్లు, సుగంధి అంటారే అవి, తానే కడిగి, నానబెట్టి, కాచి, పాకం పట్టేవాడు. ఎండాకాలం వస్తే ఊళ్ల దేవరలకు ఆయన్నే పిలిచేవాళ్లు. ఆ రోజు ఊరిపెద్ద అందరికీ పోయమని ముందే మాట్లాడి తెచ్చుకున్నాడు. పొయ్యి దగ్గర మేము మాడిపోతుంటామని మాకు ముందు పంపాడు భాయ్. నేను రెండు గ్లాసులు తాగాను. రెండోది తాగేటప్పుడు "ఇంగొక నిమ్మకాయ పిండు భాయ్, పిసినారోడా" అని కూడా అన్నాను. ఆయన నవ్వి పిండాడు.

రెండున్నరకు అమ్మవారు వచ్చింది. హారతి అయింది. మొదటి బంతి పెద్దవాళ్లకు. ఒక అవ్వ వరసలో చివర కూర్చుంది. నోట్లో ఒక్క పన్ను లేదు. నేను పై అన్నం హస్తం గరిటెతో తీస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"మేయ్, అది వద్దు. పైన ఎండిపోయి బిరుసుగా ఉంటాది. నేను యాడ నములుతా? నడిమధ్యది తీసి పెట్టు, నీకు పుణ్యముంటాది."

"నీకు కాకుండా ఇంగెవురికి పెడ్తా అవ్వా?" అన్నాను. రాశి పక్కనుంచి తవ్వి, నడిమధ్య మెత్తటిది, వెచ్చటిది తీసి పెట్టాను. అవ్వ పప్పు కలుపుకుని తిని, రెండోసారి అడిగింది. మళ్లీ నడిమధ్యదే పెట్టాను. షర్బత్ గ్లాసు ఇస్తే వద్దంది, చిగుళ్లు జివ్వుమంటాయంది. ఆమెను చూసి పక్కన ముసలివాళ్లంతా మాకూ మెత్తటిదే కావాలన్నారు. రెండో బంతిలో పిల్లలకు కూడా నేనే అడగకముందే నడిమధ్యది పెట్టాను. ఇవన్నీ ప్రేమతో చేసిన పనులు. అందుకే చెప్తున్నాను.

మూడో బంతికి రాశి అయిపోయింది. చిన్నామె వండిన డేక్సా దించి బ్యాండువాళ్లకు, మిగిలినవాళ్లకు అదే పెట్టింది. మేస్త్రీ, నేను, మా బ్యాచి అంతా ఆ బంతిలోనే తిన్నాం.

నాలుగున్నర ప్రాంతంలో ముందు ఒక పిల్ల వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అన్నారు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అరగంటలో గుడి ముందర ఎక్కడ చూసినా మనుషులు కడుపు పట్టుకుని వంగిపోయి ఉన్నారు. ఊళ్లో ఉన్న ఆటోలన్నీ ఆళ్లగడ్డ ఆసుపత్రి దారి పట్టాయి. అవ్వ కోడలు అవ్వను ఒళ్లో పెట్టుకుని "ఎవురన్నా రాండప్పా, బేగా రాండప్పా" అని అరుస్తోంది.

ఊరిపెద్ద మా దగ్గరికి వచ్చాడు. వెనక ఇరవై మంది. "ఏం కలిపినారప్పా కూట్లో?"

"మా కూడు కాదన్నా. నేనూ తిన్న్యా గదా, చూడు, గుండ్రాయిలాగ ఉండా" అన్నాడు మేస్త్రీ. అబద్ధం కాదు, తిన్నాడు. ఏ కూడో మాత్రం చెప్పలేదు.

గుంపులోనుంచి ఎవరో "ఐసన్నా! ఆ ఐసు గడ్డలు ఏ నీళ్లతో చేస్తారో ఏమో" అన్నారు. అందరి తలలు బండి వైపు తిరిగాయి. ఊరిపెద్ద కొంచెం ఆలోచన ఉన్న మనిషి. ఒక గ్లాసు షర్బత్ పోయించి నా చేతికి ఇచ్చాడు.

"అమ్మా, నీ ముక్కు సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెల్సు. వాసన చూసి చెప్పు. నువ్వెట్ల చెప్తే అట్ల."

గ్లాసు ఎత్తాను. నన్నారి వేరు, నిమ్మకాయ, చక్కెర. ఇంకేం లేదు. నా వెనకే మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ఇది బాగుందంటే తర్వాత నా అన్నం తెచ్చి నా ముందు పెడతారు. ఆ అన్నానికీ వాసన లేదని నాకు తెలుసు. అప్పుడు ఏమంటాను? ఇవన్నీ కన్ను మూసి తెరిచేలోపల నా తలలో తిరిగాయి.

"ఐసు రోంత నీచు కొడ్తాంది" అన్నాను.

ఇంత చిన్న మాట. జీవితమంతా మాట్లాడిన మాటల్లో ఇది ఒకటి, అంతే అనుకోవచ్చు. నేను అనుకోలేకపోయాను.

బండి ఎత్తి పడేశారు. సీసాలు పగిలి, పాకం మట్టిలోకి ఇంకింది. భాయ్‌ను కొట్టారు. కింద పడ్డప్పుడు కుడి మణికట్టు విరిగింది. ఆయన అరవలేదు. జనం కాళ్ల సందుల్లోనుంచి నా వైపు చూసి అన్నాడు.

"అక్కా, నువ్వూ రెండు గ్లాసులు తాగినావ్ గదా?"

ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది.

అవ్వను ఆటో ఎక్కిస్తుంటే పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలన్నారు, నేను ఎక్కాను. అక్కడ నిలబడలేక ఎక్కాను, సేవ చేద్దామని కాదు. ఆసుపత్రిలో మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టి సెలైన్లు పెడుతున్నారు. ఒక డాక్టరమ్మ, మా చిన్నామె వయసు ఉంటుంది, పుస్తకం పట్టుకుని వచ్చింది. ఎవరిని అడిగినా పొంతన లేకుండా చెప్తున్నారు.

"షర్బత్ అంట మేడమ్" అన్నాను నేనే.

"షర్బత్ ఎవరెవరు తాగారు? ఎవరెవరు తాగలేదు? గుర్తున్నవాళ్లెవరైనా చెప్పండి" అంది.

గుర్తున్నది నాకే. చెప్పడం మొదలుపెట్టాను. ఎదురుగా అవ్వ ఉంది, ఆమెతోనే మొదలుపెట్టాను. "అవ్వ తాగలేదు, చిగుళ్లు జివ్వుమంటాయని వద్దంది." డాక్టరమ్మ తల ఎత్తింది. "అవ్వ పక్కన తెల్లగడ్డం పెద్దాయన, ఆయనకు చక్కెర జబ్బు, తాగలేదు. వాళ్ల వెనక నిలబడిన అక్కాచెల్లెండ్లు, ఒక్కపొద్దు ఉండి కూడు తినలేదు, షర్బత్ మాత్రం మూడేసి గ్లాసులు తాగినారు." వాళ్లెక్కడ అని డాక్టరమ్మ అడిగింది. వాళ్లు ఆ గదిలో లేరు. "బ్యాండువాళ్లు బిందె ఖాళీ చేసినారు." బ్యాండువాళ్లలో ఒక్కరూ లేరు. "నేను రెండు తాగినా."

ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది.

"మీరు బాగానే ఉన్నారు కదమ్మా?" అంది డాక్టరమ్మ మెల్లగా. "మరి వీళ్లంతా తిన్నదేంది, మీరు తిననిదేంది?"

నేల మీద పడుకున్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాను. మొదటి బంతి. రెండో బంతి. రాశి అన్నం. అందులోనూ ఎక్కువ లేవలేకుండా ఉన్నవాళ్లు ముసలివాళ్లు, పిల్లలు. నేను ఏరి ఏరి నడిమధ్యది పెట్టినవాళ్లు.

"అన్నం మేడమ్. నేను వార్చిన అన్నం. ఎనిమిదికి పోసి రెండున్నరకు పెట్టినాము" అని చెప్పాను. మేస్త్రీ తలుపు దగ్గరికి వచ్చి కండ్లతో నన్ను ఆపుతున్నాడు. అంతా చెప్పాను. ఐసు నీచు కొట్టలేదని కూడా చెప్పాను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "బియ్యంలోనే ఒక రకం క్రిమి ఉంటుందమ్మా, ఉడికినా చావదు. అన్నం పొగలు కక్కే వేడిలో ఉంటే అది లేవదు. పెద్ద రాశి పోస్తే మధ్యలో వేడి పోదు, చల్లబడదు, గంటలకొద్దీ వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనంలోనే అది పెరిగి విషం వదులుతుంది. ఆ విషానికి వాసన ఉండదు, రుచి ఉండదు. తిరిగి కాచినా పోదు" అంది.

వాసన ఉండదు. ముప్పై ఏండ్లు నేను దేన్ని కాపలా పెట్టుకున్నానో చూడండి.

మరుసటి రోజు పొద్దున్నే అవ్వ పోయింది. మిగిలినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు లేచి ఇంటికి పోయారు. అవ్వ ఒంట్లో అంత నీళ్లు పోతే తట్టుకునే శక్తి లేదన్నారు.

మేస్త్రీ నన్ను బ్యాచిలోంచి తీసేశాడు. "కూడు పెట్టినోళ్లను ఆసుపత్రిలో అప్పజెప్పినావ్, నీకో దండం తల్లీ" అన్నాడు. ఆయన్ను తప్పు పట్టను. ఆ ఎండాకాలం బ్యాచినే ఎవరూ పిలవలేదు.

భాయ్ ఇంటికి పోయాను. చేతికి కట్టు ఉంది. ఆయన భార్య నన్ను చూసి లోపలికి పోయింది. నేను నిలబడే చెప్పాను, ఆసుపత్రిలో నిజం చెప్పానని.

"ఇన్న్యాలే అక్కా" అన్నాడు. "డాక్టరమ్మకు చెప్పినావ్, మంచిదే. నీచు కొడ్తాందని మాత్రం ఊరంతా ఉన్నప్పుడు చెప్పినావ్."

కూర్చోమనలేదు. అంతవరకే మాట్లాడాడు. ఆయన చెప్పిందే నిజం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా "భాయ్ ఐసు" అనే మాట పోయింది. ఆసుపత్రిలో నేను చెప్పిన మాట ఎవరో కొందరికి తప్ప చేరలేదు. కుడి మణికట్టు సరిగ్గా తిరగకపోయినా ఆయన అద్దె ఆటో తోలుకోవడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు అదే ఊళ్లో మళ్లీ దేవర. ఈసారి మా చిన్నామె సొంతంగా బ్యాచి కట్టింది. ఆ రోజు బ్యాండువాళ్ల అన్నం వండింది ఆమేనని ఊరిపెద్ద కనుక్కుని, ఆమెనే పిలిచాడు. పోయి నాలుగు మాటలు చెప్పి ఒప్పించుకుంది. రాశి పోస్తాం, అమ్మవారికి గంపెడే. ఆ గంపెడు తర్వాత ఆవులకు కూడా పెట్టం, గుంత తీసి పూడుస్తాం. జనానికి బంతి కూర్చునే వేళకు ఏ బంతి అన్నం ఆ బంతికే వార్చి, పొగలు పోకముందే పెడతాం. మిగిలితే మిగిలిందని దాచం. పొయ్యి దగ్గర గడియారం వేలాడదీస్తాం. ఊరిపెద్ద అన్నిటికీ తల ఊపాడు. రాశి తగ్గినందుకు అమ్మవారు ఏమీ అనుకోలేదు.

వడ్డించడానికి రమ్మని నన్ను పిలిచింది. "ఒక్కటి అడుగుతా, ఒప్పుకుంటేనే వస్తా" అన్నాను. ఏందక్కా అంది. భాయ్ బండి కూడా రావాలన్నాను.

ఆయన్ను ఎట్లా ఒప్పించిందో చిన్నామెకే తెలుసు. వచ్చాడు. అదే కొట్టం పక్కన బండి పెట్టాడు. పొద్దున్నుంచి ఒక్క మనిషి ఆ వైపు పోలేదు. అంత ఎండలో, గొంతులు ఎండిపోతున్నా, బండి చుట్టూ పదడుగులు ఖాళీగా వదిలి నడిచారు. ఆయన గ్లాసులు కడిగి, తుడిచి, మళ్లీ కడుగుతున్నాడు. కుడి చెయ్యి పూర్తిగా తిరగదు.

జనం బంతికి చేరుతుండగా నేను బండి దగ్గరికి పోయాను. "పొయ్యి భాయ్" అన్నాను. పోశాడు, నా మొహం చూడలేదు. అందరూ చూస్తుండగా తాగాను. ఇంకొకటి పోయించుకుని అది కూడా తాగి, నాకున్న గొంతంతా పెట్టి చెప్పాను.

"పోయినేడు కూడా రెండే తాగినా! నాకేం కాలేదు! ఐసు నీచు కొడ్తాందని చెప్పింది నేనే, అది అబద్ధం! అవ్వను సంపింది నా కూడు, ఈయన షర్బత్ కాదు!"

గుంపులోనుంచి అవ్వ కోడలు వచ్చింది. ఏడాదిలో చిక్కిపోయింది. నా పక్కనుంచి, నేనక్కడ లేనట్టే, బండి దగ్గరికి పోయింది.

"ఒక గ్లాసు పొయ్యి భాయ్" అంది.

తాగింది. పిల్లలను పిలిచి వాళ్లకూ ఇప్పించింది. ఆమె వెనక ఒకరు వచ్చారు, ఆ తర్వాత వరస కట్టారు. భాయ్ తల ఎత్తలేదు, చెయ్యి ఆగకుండా పోస్తూనే ఉన్నాడు.

తర్వాత బంతి కూర్చుంది. నేను వేడి అన్నం గంప చంకన పెట్టుకుని వరసగా పెట్టుకుంటూ వచ్చాను. అవ్వ కోడలి దగ్గరికి వచ్చి హస్తం వంచాను. ఆమె విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నీ చేత్తో వద్దు" అంది.

గట్టిగా కూడా అనలేదు. చిన్నామె వచ్చి నా చేతిలోంచి గంప తీసుకుని ఆమెకు పెట్టింది. ఆమె తింది. నేను పోయి గిన్నెలు తోముకున్నాను. ఆ తర్వాత ఇంకా నాలుగేండ్లు చిన్నామె బ్యాచిలోనే పనిచేశాను. ఏ గిన్నె తెచ్చి ముందు పెట్టినా మూత తీయకముందే "ఎప్పుడు వండింది?" అని అడిగేదాన్ని. వాసన మాత్రం మళ్లీ చూడలేదు.

ఇంతే. ఇక లేవండి, మీకూ పనులుంటాయి. మీ ఇంట పొయ్యి మీద నుంచి దిగిన అన్నం పొగలతోనే విస్తట్లోకి రావాలి. మీ ఇంటి అవ్వలు, పిల్లలు తిని, రెండోసారి అడిగి, మరుసటి రోజు పొద్దున కూడా మళ్లీ అడగాలి. మీ గడపలో ఎవరి చేతనైనా తప్పు జరిగితే, ఊరంతా ఉన్నప్పుడే నిజం వాళ్ల నోటికి రావాలి. మీ చేతి అన్నం ఎవరూ వద్దనకుండా మీరు నూరేండ్లు పెట్టాలి. చల్లగా ఉండండి.